ఎమ్మిగనూరు దుప్పటి వెనుక కథ



మన ఇళ్ళల్లో దుప్పట్లకు, తువ్వాళ్ళకు కొదవ ఉండదు. పండక్కి కొన్నవి, పెళ్ళిళ్ళలో పెట్టినవి, పాతబడి పిల్లల పక్కల కిందకు చేరినవి బీరువా నిండా ఉంటాయి. ఆ దొంతరలో ఒక్కటైనా "ఎమ్మిగనూరు దుప్పటి" ఉండే ఉంటుంది. మీ ఇంట్లో లేకపోతే మీ అమ్మగారింట్లోనో అత్తగారింట్లోనో ఉంటుంది. ఉతికినకొద్దీ మెత్తబడుతుంది, ఏళ్ళ తరబడి మన్నుతుంది అని పెద్దవాళ్ళు మెచ్చుకునే దుప్పటి అది. దాని పేరు తెలిసినంతగా ఆ పేరు తెచ్చిన మనిషిని గురించి, ఆయన నిలబెట్టిన సంఘాన్ని గురించి మనకు తెలియదు. ఈ పూట ఆ సంగతులు నాలుగు చెప్పుకుందాం.

ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాకు పడమట ఉంది. ఒక పక్క ఆదోని, ఇంకో పక్క మంత్రాలయం, తూర్పుకు వస్తే గోనెగండ్ల, కోడుమూరు, కృష్ణగిరి. నల్లరేగడి నేల. జొన్న, పత్తి, వేరుశనగ పండుతాయి, అదీ వాన పడితే. ఆదోని పత్తి బజారు రాష్ట్రమంతటా పేరు పొందింది. వ్యాపారం జోరు చూసి ఆ ఊరిని రెండో ముంబాయి అనేవాళ్ళు. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు బళ్ళారి జిల్లాలోది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మన వైపు వచ్చాయి. మొదటి రెండూ కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిశాయి. అందుకే అక్కడి ఇళ్ళల్లో తెలుగూ కన్నడమూ రెండూ వినిపిస్తాయి. మగవాళ్ళ పేర్ల చివర "అప్ప" ఉంటుంది. మన కథానాయకుడి పేరు కూడా అలాంటిదే. ఆయన మాచాని సోమప్పగారు.

ఆ నేలను గురించి ఇంకొక్క మాట చెప్పాలి. కరువంటే పుస్తకాల్లో చదువుకునే మాట కాదు అక్కడ. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని ఊడ్చేసిన మహా కరువులో అందరికంటె ఎక్కువ దెబ్బ తిన్న జిల్లాల్లో బళ్ళారి, కర్నూలు, కడప ఉన్నాయి. కరువు వస్తే మొదట దెబ్బ తినేది రైతేనని మనం అనుకుంటాం. నేతగాడూ రైతుతో పాటే పడిపోతాడు. గింజల ధర పెరిగేసరికి ఎవరైనా మొట్టమొదట మానేసేది కొత్త బట్ట కొనడమే కదండీ! రైతుకు కనీసం భూమి మిగులుతుంది. నేతగాడికి మిగిలేది ఖాళీ మగ్గం, అప్పు పత్రం.

ఆ అప్పు ఎలా పెరిగేదో కాస్త వివరంగా చెప్పుకోవాలి. నేతగాడి దగ్గర నూలు కొనడానికి డబ్బు ఉండదు. షావుకారు నూలిస్తాడు. నేసి తెచ్చిన బట్ట ఆయనకే ఇవ్వాలి. కూలి ఎంతో ఆయనే చెపుతాడు. బట్టలో తప్పుందనో, నూలు తరుగు వచ్చిందనో కొంత కోత పడుతుంది. పండక్కి, పెళ్ళికి, పురిటికి ముందుగా ఇచ్చిన డబ్బు పద్దుల్లో పెరుగుతూ ఉంటుంది. ఆ పద్దు తీరేదాకా ఇంకొకరికి నేయడానికి వీల్లేదు. తండ్రి పద్దు కొడుక్కి వస్తుంది. అంతా షావుకార్లే దుర్మార్గులని కాదు, కష్టకాలంలో గింజలిచ్చి ఆదుకున్నవాళ్ళూ ఉన్నారు. కాని నూలు, ధర, పద్దు పుస్తకం మూడూ ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు ఎంత మంచివాడి కింద బతికినా అది ఇంకొకరి దయ మీద బతుకే.

ఇది 1938 నాటి మాట. అప్పట్లో మద్రాసు రాజధానిలో రాజాజీగారి మంత్రివర్గం ఉండేది. ఆ ఏడే రైతుల అప్పులకు ఊరట కలిగించే చట్టం వచ్చింది. అది వ్యవసాయదారుల కోసం చేసిన చట్టం. భూమి లేని నేతగాడి మాటేమిటి? అతని అప్పుకు దారేది?

ఆ సంవత్సరమే ఎమ్మిగనూరులో సోమప్పగారు చేనేత పనివాళ్ళను కూడగట్టి సహకార సంఘం స్థాపించారు. ఎమ్మిగనూరు వీవర్స్ కోఆపరేటివ్ సొసైటీ అని దాని పేరు. జనం ఇంగ్లీషు అక్షరాలు నాలుగూ కలిపి వై.డబ్ల్యు.సి.ఎస్. అంటారు. మాచాని వారిది ఆ ఊళ్ళో పేరున్న కుటుంబం. చేతిలో పదిమందికి పెట్టగల శక్తి ఉన్నవాళ్ళు సాధారణంగా ఏం చేస్తారు? సత్రం కట్టిస్తారు, గుళ్ళో గంట వేయిస్తారు, పండుగనాడు అన్నదానం చేస్తారు. అన్నీ మంచి పనులే. సోమప్పగారు మాత్రం సంఘం అనే దారి పట్టారు. ఆ దారి ఎందుకు మేలైందో కొంచెం ఆలోచిద్దాం.

ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1866 కరువులో తన ఇంటి గాదెలు తెరిచి వచ్చినవాళ్ళందరికీ అంబలి పోసి ప్రాణాలు నిలబెట్టిన మహానుభావుడు. ఆ కరువులో ఆయన పెట్టకపోతే ఎన్ని ఇళ్ళు ఆరిపోయేవో! ప్రాణం పోతున్నప్పుడు పెట్టే ముద్దకు మించిన దానం లేదు. అయితే గాదె ఖాళీ అయ్యేదాకానే ఆ దానం సాగుతుంది. మళ్ళీ కరువు వస్తే మళ్ళీ ఇంకొక పుణ్యాత్ముడు పుట్టాలి. పని చేయగల చేతులున్న మనిషి రోజూ చేయి చాచి నిలబడాలంటే మనసు ఎంత చిన్నబోతుందో ఆడవాళ్ళమైన మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. సంతకు వెళ్ళడానికి రూపాయి అడిగి తీసుకోవడానికీ, మన డబ్బు మనం తీసుకోవడానికీ ఉన్న తేడా మనకు తెలుసు.

సంఘంలో జరిగేది ఆ రెండోది. సభ్యుడు చిన్న మొత్తం వాటాధనం కడతాడు. అందరి వాటాలూ, బ్యాంకు నుంచి తెచ్చిన అప్పూ కలిపి సంఘం నూలు టోకున కొంటుంది. ఆ నూలు సభ్యుడికి ఇస్తుంది. నేసిన బట్ట తీసుకుని, ముందే నిర్ణయించిన కూలి ఇస్తుంది. కూలిలో కొంత పొదుపు నిధికి పోతుంది, దానికి సంఘం తన వంతు కలుపుతుంది. బట్ట అమ్మగా మిగిలిన లాభంలో బోనసు వస్తుంది. ఎవరు అధ్యక్షుడుగా ఉండాలో సభ్యులే ఓటు వేసి చెపుతారు. వాటాలు ఎన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. పద్దు పుస్తకం ఎవరడిగినా చూపించాలి. చూడండి, పెద్ద చదువులు అక్కర్లేదు దీనికి. మన వీధిలో నలుగురం కలిసి చీటీ వేసుకుంటాం కదూ, ఆ నమ్మకమే కాస్త పెద్దదై, చట్టం గొడుగు కిందకు వచ్చిందన్నమాట.

ఇంకో చిత్రం వినండి. ప్రపంచంలో ఈ సహకారోద్యమానికి దారి చూపినవాళ్ళలోనూ నేతగాళ్ళే ముందున్నారు. ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే నేత ఊళ్ళో 1844లో 28 మంది, చాలామంది మగ్గాల పనివాళ్ళే, తలా ఒక పౌను వేసుకుని చిన్న కొట్టు తెరిచారు. ఆ కొట్లో అమ్మినవి పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు వంటివి. కల్తీ లేని సరుకు, సరైన తూకం, వచ్చిన లాభం కొన్నవాళ్ళకే పంపకం అని నియమం పెట్టుకున్నారు. అంటే మొదలుపెట్టింది మగ్గం మీద బతికేవాళ్ళయినా, వాళ్ళు ముందుగా చక్కబెట్టింది ఇల్లాలి వంటింటి సరుకులనే! మన దేశంలో 1904లో పరపతి సంఘాలకు చట్టం వచ్చింది. 1912లో మరో చట్టం వచ్చాక ఉత్పత్తి సంఘాలకూ అమ్మకం సంఘాలకూ వీలు కలిగింది. ఎమ్మిగనూరు సంఘం ఆ దారిలో వచ్చిందే.

మొదలుపెట్టడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తు. సంఘం పుట్టిన మరుసటి ఏడే, అంటే 1939లో, రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. నూలుకు కటకట మొదలైంది. 1943లో బట్ట మీదా నూలు మీదా కంట్రోలు పెట్టారు. బియ్యానికీ కిరసనాయిలుకూ క్యూలో నిలబడ్డ కథలు మన అమ్మమ్మలు చెప్పేవారు. నేతగాడికి ఆ కటకట నూలుతో వచ్చింది. ఒంటరి నేతగాడు కోటా నూలు తెచ్చుకోవడం కష్టం. సంఘం ఉన్నచోట దాని పేరున నూలు తెచ్చి పంచుకునే వీలుంది. రాజధాని అంతటా ఆ రోజుల్లోనే నేత సంఘాలు బలపడ్డాయి. ముందే పుట్టిన ఎమ్మిగనూరు సంఘం తరువాతి కాలంలో దక్షిణ దేశంలో చెప్పుకోదగ్గ సంఘాల్లో ఒకటయింది. దుప్పట్లు, తువ్వాళ్ళు, లుంగీలు, కిటికీ తెరల గుడ్డలు ఊరి పేరుతోనే అమ్ముడుపోయాయి. సరుకుకు ఊరి పేరే గుర్తుగా మారడం చిన్న విషయం కాదు. వెంకటగిరి చీర, పోచంపల్లి చీర అన్నట్టే ఎమ్మిగనూరు దుప్పటి అయింది.

నేతగాళ్ళకు ఇళ్ళ కాలనీ కూడా ఏర్పడింది. గుంటమగ్గం ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు దాని విలువ తెలుస్తుంది. ఉన్న ఒక్క గదిలో సగం మగ్గానికి పోతుంది. గుంటలోకి కాళ్ళు పెట్టి పొద్దస్తమానం కూర్చోవాలి. వాన కురిస్తే గుంటలోకి చెమ్మ దిగుతుంది, పడుగు పాడవుతుంది. ఆ రోజు కూలి లేదు. వెలుతురు, గాలి, కారని కప్పు, ఇవి మనకు సౌకర్యాలు. నేతగాడికి అవే పనిముట్లు.

1954లో భారత ప్రభుత్వం పద్మ పురస్కారాలను నెలకొల్పింది. ఆ మొదటి సంవత్సరమే సంఘసేవకు గాను పద్మశ్రీ అందుకున్నవారిలో మాచాని సోమప్పగారు ఒకరు. కొత్తగా ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రంలో, వానల్లేని ఒక మూల నుంచి, నేతగాళ్ళ సంఘం పెట్టిన మనిషికి ఆ గౌరవం దక్కింది. ఇప్పటికీ ఎమ్మిగనూరు నడిబొడ్డున ఉన్న కూడలిని సోమప్ప సర్కిల్ అనే పిలుస్తారు. బస్సు దిగినవాళ్ళూ, ఊరేగింపులు తీసేవాళ్ళూ ఆ పేరు పలకకుండా ఉండలేరు.

ఇంతవరకూ మంచి చెప్పాను. ఇప్పుడు మనం, ఆడవాళ్ళం, కొంచెం నిలదీసి అడగవలసిన సంగతి ఒకటి ఉంది.

ఒక దుప్పటి తీసుకోండి. 90 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు. పొడవునా సాగే పోగులు పడుగు. అడ్డంగా నాడెతో విసిరే పోగు పేక. అంగుళానికి 40 పేకలు పడ్డాయనుకుందాం. 90 అంగుళాలకు 3,600 పేకలు. ఒక్కొక్కటి 60 అంగుళాలు. అన్నీ కలిపి చూస్తే 6,000 గజాల నూలు. అంటే అయిదున్నర కిలోమీటర్లు! నూలు చిలపల లెక్కలో చిలపకు 840 గజాలు కనుక, ఏడు చిలపల పైచిలుకు. ఆ నూలంతా మగ్గం ఎక్కేముందు రాట్నం మీద కండెలకు చుట్టాలి. ఒక దుప్పటి పేకకే అయిదున్నర కిలోమీటర్లు. పడుగు సంగతి వేరే. పడుగు సాగదీయాలి, గంజి పెట్టాలి, తెగిన పోగులు ముడి వేయాలి, పన్నెలో పోగు పోగునా ఎక్కించాలి.

ఈ చుట్టడం, గంజి పెట్టడం, అతకడం ఎవరి పనంటారు? ఎక్కువగా ఆడవాళ్ళది, పిల్లలది, ముసలివాళ్ళది. పొయ్యి మీద జొన్నసంగటి ఉడుకుతుంటుంది, ఒడిలో పాప ఉంటుంది, చేతిలో రాట్నం తిరుగుతుంటుంది. ఒక నేతగాడికి ఎడతెగకుండా పని సాగాలంటే ఇంట్లో ఇంకొకరో ఇద్దరో కూర్చోవాలి. తీరా కూలి ముట్టేది మగ్గం మీద కూర్చున్న ఒక్కరికి. మగ్గం ఎవరి పేరనుంటే సభ్యత్వం వాళ్ళదే. వాటా, పాసు పుస్తకం, ఓటు అన్నీ వాళ్ళవే. రాట్నానికి సభ్యత్వం లేదు!

ఇది ఏ ఒక్క సంఘం తప్పూ కాదు. దేశమంతటా నేత సంఘాలు ఎక్కువగా అలాగే నడిచాయి. షావుకారు పద్దులో నేతగాడు కనిపించలేదని బాధపడి సంఘం పెట్టుకున్నాం. సంఘం పద్దులో నేతగాడి భార్య కనిపించకుండా పోయింది. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణన చెప్పిందేమిటంటే, దేశంలో చేనేత మీద ఆధారపడి పనిచేస్తున్నవాళ్ళు సుమారు 35 లక్షల 20 వేల మంది. వాళ్ళలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్ళే. మగ్గం మీద కూర్చున్న ఆడవాళ్ళూ అందులో ఉన్నారు. ఇప్పటికైనా లెక్కలో పడ్డారు. సంఘం పుస్తకంలోనూ అదే పాలు పేర్లు ఉండాలి కదా!

ఇంకో లెక్క కూడా చెప్పుకోవాలి, చెప్పడానికి బాధగా ఉన్నా. 1995లో చేసిన గణనలో చేనేత మీద బతికేవాళ్ళు 65 లక్షలకు పైగా ఉన్నారు. 2009-10 నాటికి 43 లక్షలు. ఆ తరువాత 35 లక్షలు. పాతికేళ్ళలో దాదాపు సగం మంది మగ్గం దిగిపోయారు. మరమగ్గం గంటలో నేసేది చేతిమగ్గం రోజంతా నేయాలి. నూలు ధర పెరుగుతుంది, బట్ట ధర దాంతో పాటు పెరగదు. పండగలకు మనం సంతోషంగా తీసుకునే రిబేటు ఉందే, ఆ తగ్గింపు డబ్బు ప్రభుత్వం నుంచి సంఘాలకు తిరిగి రావాలి. అది నెలలు, ఏళ్ళు ఆలస్యమైతే సంఘం దగ్గర నూలు కొనే డబ్బు ఉండదు. నూలు లేక మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగిన ఇంటి పిల్లవాడు బెంగుళూరులో కూలికి పోతాడు. ఎమ్మిగనూరు కూడా ఈ గాలికి తట్టుకుని నిలబడలేదు. మునుపటి వైభవం అక్కడ ఇప్పుడు లేదు.

ఇందులో ఇంకో పాఠం ఉంది. స్థాపించినవారు ఉన్నన్నాళ్ళూ సంస్థ ఆయన మాట మీద నడుస్తుంది. ఆయన వెళ్ళిపోయాక విగ్రహానికి పూలమాలలు పడతాయి. సభ్యుల సమావేశాలకు మాత్రం జనం పలచబడతారు. సంఘం అనేది ఒక పెద్దమనిషి ఇచ్చిపోయిన ఆస్తి కాదు. ఏడాదికోసారి పద్దు అడిగే సభ్యులుంటేనే అది బతుకుతుంది. మన డ్వాక్రా అక్కచెల్లెళ్ళను చూడండి. వారం వారం కూర్చుంటారు, పుస్తకం తెరుస్తారు, ఎవరెంత కట్టారో అందరి ఎదుటా చదువుతారు. పెద్ద చదువులు లేనివాళ్ళు కూడా లెక్కలో ఒక్క రూపాయి తేడా వస్తే లేచి అడుగుతారు. 1938లో సోమప్పగారు నేతగాళ్ళకు చూపిన దారిని ఈనాడు శ్రద్ధగా పట్టుకున్నది ఆడవాళ్ళే అంటే తప్పు లేదు.

సరే, పట్నంలో ఇల్లు దిద్దుకునే మనం ఏం చేయగలం? దీనికి ఉపన్యాసాలక్కర్లేదు, కొనేటప్పుడు కొంచెం చూపు ఉంటే చాలు.

చేనేత పేరు చెప్పి మరమగ్గం దుప్పట్లు అమ్మడం మామూలైపోయింది. నిజానికి 1985లో చేసిన చట్టం ప్రకారం 11 రకాల బట్టలు చేతిమగ్గానికే ప్రత్యేకించారు. అందులో చెప్పిన రకం చీరలు, ధోవతులు, తువ్వాళ్ళు, దుప్పట్లు, జంపఖానాలు ఉన్నాయి. చట్టం కాగితం మీద ఉంది. బజారులో దాన్ని నిలబెట్టేది కొనేవాళ్ళు అడిగే ప్రశ్న. "ఇది చేతిమగ్గందేనా? గుర్తు చూపించండి" అని అడగండి. 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ అనే చీటీ వచ్చింది, అది ఉందేమో చూడండి. బట్ట అంచు వెలుతురుకు పెట్టి చూడండి. నేసేటప్పుడు వెడల్పు కుంచించుకుపోకుండా పెట్టే కర్ర మొనల సన్నటి చిల్లులు అంచు వెంబడి తరచు కనిపిస్తాయి. అక్కడక్కడ పేక కొంచెం లావుగానో సన్నంగానో ఉంటే అది లోపమని ధర తగ్గించమనకండి. అక్కడ నేసిన చెయ్యి ఒక నిమిషం ఆగిందని గుర్తు. పాపకు పాలు పట్టడానికే ఆగిందేమో!

బేరం ఆడవద్దని నేననను. ఇల్లు నడిపేవాళ్ళకు బేరం తప్పదు. అయితే సహకార సంఘం కొట్లో ధరలో నేతగాడి కూలి ముందే లెక్కకట్టి ఉంటుంది. అక్కడ కొన్నప్పుడు ఆ కూలికి మనం హామీ ఉన్నట్టే. రిబేటు రోజుల కోసమే ఏడాదంతా ఆగకుండా, ఇంట్లో ఏదైనా శుభకార్యం వచ్చినప్పుడు నాలుగు తువ్వాళ్ళో రెండు దుప్పట్లో అక్కడ కొనండి. ఆగస్టు 7ను 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందని ఆ తేదీని ఎంచారు. ఆ ఒక్కరోజు చేనేత చీర కట్టుకుని ఫొటో దిగితే సరిపోదు, మిగిలిన 364 రోజులూ కూడా మగ్గం ఆడాలి కదండీ.

ఇంకో పని కూడా మన చేతిలో ఉంది. మీ ఊళ్ళో నేత సంఘమో, పాల సంఘమో, కుట్టు సంఘమో ఏదున్నా, అందులో పనిచేసే ఆడవాళ్ళ పేర్లు పుస్తకంలో ఉన్నాయా అని ఒకసారి వాకబు చేయండి. లేకపోతే ఎందుకు లేవో అడగండి. చేసేది ఇంటి పనే కదా అని కొట్టిపారేస్తే, ఆ అయిదున్నర కిలోమీటర్ల నూలు లెక్క చెప్పండి. లెక్కకు ఎవరూ ఎదురు చెప్పలేరు.

సోమప్పగారు నేతగాడిని పద్దు కింద నుంచి లేపి పద్దు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టే దారి చూపారు. ఆయన మొదలుపెట్టిన పని సగం అయింది. రాట్నం దగ్గర కూర్చున్న తల్లిని కూడా ఆ బల్ల దగ్గరకు పిలిచి, ఆమె చేత సంతకం పెట్టించిననాడు మిగతా సగం పూర్తవుతుంది. సంతకం రాకపోతే నేర్పించడానికి మనమున్నాం.